నాకు మూర్ఛ లేదు

కిందటి వారం కథలో గంగుబాయిని సర్కారు దవాఖానలో, ఆడవాళ్ల వార్డు కిటికీ పక్క మంచం మీద వదిలి వచ్చాం. దుబ్బకుంట కల్లు డిపోకు ఎక్సైజు వాళ్లు తాళం వేసిన కొద్ది రోజులకే, ఆమె మడిలో కలుపు తీస్తూ తీస్తూ కట్టెలా బిగుసుకుపోయి బురదలో పడింది. కొడుకు నరేందర్ తన ఆటోలోనే వేసుకొని బోధన్ రోడ్డు మీది ఈ దవాఖానకు తెచ్చాడు. డాక్టర్ బిందుమాధవి ప్రాణం నిలబెట్టింది. నిలబెట్టి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. "ఇది కల్లు చేసిన పని కాదు, కల్లు పేరుతో మీకు పోస్తున్న మత్తుమందు చేసిన పని" అని ఓపీ ముందు నిలబడ్డ ఆడవాళ్లందరికీ వినబడేలా చెప్పేసింది. ఆ మాట పొద్దుగూకక ముందే దుబ్బకుంట చేరింది. ఏటేటా కల్లు డిపోను వేలం వేసేది ఊరి కమిటీ. ఆ కమిటీ అధ్యక్షుడు పరమేశ్వర్ తానే స్వయంగా దవాఖానకు వస్తున్నాడని నరేందర్ తల్లి చెవిన వేశాడు.

తెల్లారి లేవగానే గంగుబాయి చేతులు దుప్పటి మీద చాపి చూసుకుంది. వణుకు పూర్తిగా పోలేదు. కానీ నిన్నటిలా గాలికి కొట్టుకునే జొన్నాకుల్లా లేవు. పెళ్లయిన నాటి నుంచీ బీడీలు చుట్టిన చేతులవి. కళ్లు మూసుకున్నా ఆకు మడిచి దారం బిగించగలిగినవి. అలాంటి చేతులు చాయ్ గ్లాసు కూడా పట్టుకోలేని గతికి వచ్చాయని తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనే ఎక్కడో కోపం కూడా మొదలైంది. అది ఎవరి మీదో ఇంకా తెలియదు.

"నిన్న ఇదే గ్లాసు సగం నా పక్క మీద ఒంపావు. ఇవాళ చుక్క ఒలకలేదు. ఫరవాలేదు, మనుషుల్లో పడుతున్నావు!" అంది పక్క మంచం మీది నాగేంద్రమ్మ. కాలువ కింద వరి పండించే ఆంధ్ర రైతుల క్యాంపు నుంచి వచ్చిన మనిషి ఆమె. షుగరుతో కాలివేలు పుండై, కట్టు కట్టించుకుంటూ వార్డులో అందరికంటే పాత కాపు అయింది.

"నీ పక్క గలీజు సేసిన. ఏమనుకోకు," అంది గంగుబాయి.

"అనుకోవడానికేముందమ్మా. చాయే కదా, ఆరిపోయింది."

డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చినప్పుడు గంగుబాయి మొదట అడిగింది ఇంటికి పంపమనే.

"ఒళ్లు మంచిగైంది డాక్టరమ్మా. కోడలు సవిత పసిపోరనితోని ఒక్కతే ఉన్నది. ఇగ నన్ను పంపుండ్రి."

"పంపను," అంది బిందుమాధవి, నాడి చూస్తూనే. "ఇప్పుడు మీరు నిమ్మళంగా ఉన్నారంటే నేనిచ్చే మాత్ర వల్ల. అది ఉన్నట్టుండి ఆపితే మళ్లీ బురదలో పడతారు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మెట్లు దిగినట్టు దిగాలి గానీ మిద్దె మీంచి దూకకూడదు."

"నేను రోజు తాగింది కల్లే గద. కల్లు బంద్ జేస్తె గింత పని అయితదా?"

"ఒట్టి కల్లయితే ఇంత కాదు. అందులో కలిపేది నిద్రమాత్రల్లాంటి మందు. రోజూ సాయంత్రం అది ఒంట్లోకి పోతుంటే తలకాయ దానికే మరిగిపోతుంది. ఒక్కసారిగా అందకపోతే గిలగిల్లాడుతుంది. చేతులు వణుకుతాయి. కునుకు పట్టదు. కొందరికి లేనివి కనబడతాయి, ఒంటి మీద పురుగులు పాకినట్టుంటుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు."

గంగుబాయి చేయి మెల్లిగా డాక్టర్ చేతిలోంచి జారిపోయింది.

"పురుగులంటే... సీమలా?"

"చీమలు కావచ్చు, పాములు కావచ్చు. ఎవరికేవి కనబడతాయో చెప్పలేం. ఏం?"

గంగుబాయి కిటికీలోంచి బయటికి చూసింది. బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాలీ ఒకటి ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. ఆమె కంటికి అది ఆనలేదు. కరోనా బందు నాటి ఎండలు కనబడ్డాయి. మొగుడు కాశయ్య వాకిట్లో నిలబడి రెండు చేతులూ దులుపుకుంటూ, దులుపుకుంటూ, "సీమలే గంగూ, ఎర్ర సీమలే, తియ్యే" అని మొత్తుకున్న పొద్దు కనబడింది. చేతుల మీద ఒక్క చీమ లేదు. అప్పుడూ డిపో బందే. ఆయనకు నిద్ర లేక అప్పటికే కండ్లు ఎర్రటి మోదుగుపూలు. పిచ్చి లేసిందా, పోయి పండుకోమని ఆమె కసురుకుంది. ఆ మాట ఇరుగుపొరుగు విన్నారు. మధ్యాహ్నం కాశయ్య ఒంటి మీది అంగీ పీకి పారేసి పొలాల్లోకి పరుగు తీశాడు. పెద్ద బావిలో తేలాడు.

ఊరు ఒకటే మాట అన్నది. పెండ్లాం తిట్టింది, మనసు విరిగి బావిల దునికిండు అని.

ఆ మాటను గంగుబాయి ఇన్నేళ్లూ మోసింది. ఎవరింటికి పోయినా గడప ఇవతలే కూర్చునేది. సాయంత్రం అయ్యేసరికి రెండు సీసాలు తాగితే గానీ కండ్ల ముందర బావి చెదిరేది కాదు. కాశయ్యను మింగిన సీసాతోనే కాశయ్యను మరిచిపోవాలని చూసింది.

ఇదంతా ఆమె డాక్టరమ్మకు ఒక వరుసలో చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. నాగేంద్రమ్మ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

"గట్లయితె ఆయన దునకలేదా?" అని అడిగింది గంగుబాయి చివరికి.

బిందుమాధవి మంచం అంచున కూర్చుంది. "నేను ఆయన్ని చూళ్లేదు. ఇదీ కారణమని ఒట్టేసి చెప్పలేను. కానీ మీరు చెప్పినవన్నీ, నిద్ర లేకపోవడం, చీమలు, ఆ పరుగు, ఉన్నట్టుండి ఆ మందు ఆగిపోయినవాళ్లలో చూసేవే. అలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఎదురుగా బావి ఉందో బాట ఉందో తెలియదమ్మా. తిట్టినందుకు చీమలు కనబడవు."

ఆమె వెళ్లిపోయింది. గంగుబాయి ఏడవలేదు. 'తిట్టినందుకు సీమలు కనబడయి' అని తనలో తాను గొణుక్కుంది. ఇంకోసారి అనుకుంది. అన్నకొద్దీ గుండెల మీంచి ఏదో బండ దొర్లుతున్నట్టు, దాని కింద నొక్కుకుపోయిన చోటల్లా మంట పుడుతున్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం పూట పరమేశ్వర్ వచ్చాడు. తెల్ల అంగీ, చేతిలో బత్తాయిల కవరు. వెనకాల నరేందర్, తల వంచుకొని. వార్డులోకి అడుగు పెట్టగానే పరమేశ్వర్ అందరికీ నమస్కారం పెట్టాడు. అతనిలో ఉన్న గుణం అదే. ఎవరినీ గట్టిగా కసరడు. ఊళ్లో ఎవరికి కష్టం వచ్చినా ముందు నడిచేది అతనే. కాశయ్య శవాన్ని బావిలోంచి తీయించినవాడూ అతనే.

"ఎట్లున్నవ్ వదినె? మొఖం గుంజుకపోయింది గదనే. ఇగో, బత్తాయిలు తిను, సత్తువ వస్తది."

"కూసో పరమేశ్వర్," అంది గంగుబాయి.

అతను స్టూలు లాక్కొని కూర్చున్నాడు. కాసేపు సవిత గురించి, పసివాడి గురించి అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"చూడు వదినె. ఊర్ల పుకారు లేసింది. కల్లు తాగి గంగుబాయి పడిపోయిందట, కల్లుల విషం ఉన్నదట అని. గీ డాక్టరమ్మకు ఊరి సంగతులు ఎరుకలేవు, ఏదో అన్నది. ఆమె మాట పట్టుకొని ఎక్సైజోళ్లు డిపో తాళం తీస్తలేరు. డిపో లేకుంటె కమిటీకి ఆమ్దానీ ఏడిది? బడి చుట్టు గోడ ఎట్ల లేసింది? వీధిల లైట్లు ఎవరు పెట్టిండ్రు? ఎవరన్న సస్తె శవానికి ఐసు డబ్బా తెచ్చింది ఎవరు? గవన్నీ డిపో పైసలే గద."

"గదైతె నిజమే," అంది గంగుబాయి.

"మరి అందుకే. ఊరంత కమిటీ భవనం కాడ కూడింది. నేను ఫోన్‌ల వీడియో కాల్ చేస్త. అక్కడ మైకు పెట్టిండ్రు. నువ్వు ఒక్క మాట చెప్పు. నాకు సిన్నప్పటి సంది మూర్ఛ బీమారి ఉన్నది, గా పొద్దు గదే వచ్చింది, కల్లుకు దీనికి సంబంధం లేదు అని. గంతే. ఊరు సల్లబడుతది. నువ్వు మంచిగ ఇంటికొస్తవు."

గంగుబాయి కొడుకు వైపు చూసింది. నరేందర్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు.

"అవ్వా, ఒక్క మాటనే. చెప్తె నీకు పోయేదేముంది? చెప్పకుంటె మనల్ని వెలి వేస్తరట. నా ఆటో ఎవరూ ఎక్కరు. పిండిగిర్నీల పిండి పట్టరు, దుకాన్ల ఉప్పియ్యరు. పోయినేడు మల్లికార్జున్ వాళ్లింటికి ఏం చేసిండ్రో చూసినవ్ గద. వాళ్ల ముసలామె సచ్చిపోతె పాడె మోసేటందుకు ఒక్కడు రాలే. నా పోరనికి గట్ల కావద్దవ్వా."

కొడుకు గొంతు వింటూ గంగుబాయి లెక్క వేసుకుంది. పొద్దున మొదలైన మంట ఎంతదైనా, మనమడి పాల డబ్బా కంటే పెద్దదా? తన ఇజ్జత్ పోయి చాలా కాలమైంది. ఇంకో అబద్ధం మోస్తే బరువేం పెరుగుతుంది? మూర్ఛ అంటే మూర్ఛ. అంటే అయిపోతుంది.

ఆమె మెత్తబడుతోందని పరమేశ్వర్ కనిపెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. కానీ మంచి మాట ఇంకొకటి కలిపితే పని గట్టిపడుతుందనుకున్నాడు.

"ఊరు నీకు ఎన్నడు అన్యాయం చేసింది వదినె? కాశన్న బావిల దునికినప్పుడు పోలీసోళ్లు వచ్చి ఏమైందని అడిగితె, నువ్వు తిట్టినవని ఒక్కలన్న చెప్పిరా? కడుపుల పెట్టుకున్నం. గా ఉపకారం మర్చిపోతవా?"

గంగుబాయి పరమేశ్వర్ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో కపటం లేదు. నిజంగానే ఉపకారం చేశాననుకుంటున్నాడు. ఆమెకు అదే అన్నిటికంటే ఘోరంగా తోచింది.

"ఫోన్ కలుపు," అంది.

పరమేశ్వర్ ముఖం విప్పారింది. ఫోన్ కలిపి నరేందర్ చేతికిచ్చాడు. "సక్కగ పట్టుకో బిడ్డా, మొఖం కనబడాలె."

అప్పుడే బిందుమాధవి తలుపు దగ్గరికి వచ్చింది. ఫోనూ, చుట్టూ మూగిన మనుషులూ చూసి ఆమెకు విషయం అర్థమైంది. "ఏమిటిది? ఇది వార్డు, మీ పంచాయితీ కాదు. ఆమె చేత ఏం చెప్పిస్తున్నారు?"

"మీరు నడుమ రాకుండ్రి మేడం," అన్నాడు పరమేశ్వర్ వినయంగానే. "ఏడికెళ్ళో వచ్చినోళ్లు, మా ఊరి ముచ్చట మీకెందుకు?"

"నేను ఎక్కడి నుంచో రాలేదు, బోధన్‌లో పుట్టాను. అయినా జబ్బుకు ఊరేమిటి? ఆమె నా పేషెంటు."

"డాక్టరమ్మా," అని పిలిచింది గంగుబాయి. "జర ఆగుండ్రి. నేనే మాట్లాడత. నాతోని ఎవరూ సెప్పిస్తలేరు."

ఆమె మంచం మీద నిటారుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. ఫోన్‌లో కమిటీ భవనం ముందరి అరుగు బండలు, వాటి మీద కూర్చున్న జనం చిన్న చిన్నగా కనబడుతున్నారు. ఆమె మాట అక్కడి మైకులో పడి, అక్కడి నుంచి తిరిగి ఫోన్‌లోకి వస్తోంది.

"నేను గంగుబాయిని. కాశయ్య పెండ్లాన్ని. అందరికి ఇనబడుతున్ననా?"

"ఇనబడుతున్నవ్," అంది అటు నుంచి ఎవరిదో ఆడగొంతు.

"ఇనుండ్రి మరి. నాకు మూర్ఛ లేదు. మా అవ్వకు లేదు, మా బాపుకు లేదు, నాకు సిన్నప్పటి సంది ఎన్నడు రాలేదు. మూర్ఛ ఉన్నదని సెప్పుమని పరమేశ్వర్ వచ్చిండు. అబద్ధం నేను సెప్ప."

పరమేశ్వర్ లేచి నిలబడ్డాడు. "వదినె—"

"నన్ను మడిల పడేసింది మనం పైసలిచ్చి కొనుక్కున్న సీసనే. అండ్ల కలిపే మందు. నేను మీ అందరిని ఒక్కటే అడుగుత. మన ఊరి ఈతవనం నరికి ఎన్నేండ్లాయె? తాటిసెట్లు ఎన్ని నిలబడ్డయి? సెట్టు లేని ఊర్ల పొద్దుగూకంగనె గిన్ని సీసల కల్లు ఏడికెళ్ళి ఊరుతున్నది? గీసెటోడు ఏడున్నడు? గాయన్ని ఒక్కసారి నాకు సూపుండ్రి, నేను మూర్ఛ అని సెప్త!"

అవతల జనంలో కలకలం లేచింది. ఎవరో నవ్వారు. అది గంగుబాయిని చూసి నవ్విన నవ్వు కాదు.

"నరేందర్! ఫోన్ బంద్ చెయ్," అన్నాడు పరమేశ్వర్.

"ఇంకొకటి," అంది గంగుబాయి. ఇప్పుడు ఆమె గొంతు పగిలింది. కానీ ఆగలేదు. "నా మొగడు బావిల దునకలే. నేను తిట్టిననని సావలే. కరోనల డిపో బంద్ వెడితె, గా మందు అందక ఆయనకు సీమలు కనబడ్డయి. నిద్ర లేకుండ ఉరికిండు. బావి ఉన్నదని ఎరుకలేక పడ్డడు. ఇన్నేండ్లు నేను మీ ఇండ్ల గడప తొక్కకుండ సచ్చిన. ఇగ తొక్కుత. ఎవరు ఆపుతరో సూస్త."

"నరేందర్, నీకే చెప్తున్న. ఫోన్ ఇటియ్యి!"

నరేందర్ కదల్లేదు. అతని చేయి ఫోన్ పట్టుకొని అలాగే నిలిచి ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చేయి దించలేదు. తండ్రి శవం చూసిన నాటి నుంచి అతను తల్లిని పల్లెత్తు మాట అనలేదు. కానీ లోపల ఊరి మాటే నమ్మాడు. నమ్మానని ఈ నిమిషం దాకా అతనికే తెలియదు.

పరమేశ్వర్ ఫోన్ కోసం చేయి చాచాడు. మధ్యలో నాగేంద్రమ్మ చేతికర్ర అడ్డం వచ్చింది.

"ఉండవయ్యా! ఫోన్ నువ్వే కలిపావుగా? ఆవిడ మాట్లాడేది పూర్తి కానీ."

"ఇగ అందరు ఇనుండ్రి," అంది గంగుబాయి, చివరి మాట మిగుల్చుకున్న మనిషిలా మెల్లిగా. "డిపో మూసినకాడికెళ్ళి మీల శానమందికి సేతులు వణుకుతున్నయి. నిద్ర వస్తలేదు. నాకెరుక. సిగ్గువడి ఇంట్ల కూసోకుండ్రి. వేరే ఊరికి పోయి దొంగతనంగ తాగి రాకుండ్రి. ఇక్కడికి రాండ్రి. తాగుబోతులని ఎవరూ తిడతలేరు. మాత్రలు కొద్దికొద్దిగ తగ్గిస్తరు. నేను ఒప్పుకున్న, ఇగో మంచిగ మాట్లాడుతున్న. గంతే."

అప్పుడు నరేందర్ తనే కాల్ ఆపి, ఫోన్ పరమేశ్వర్ చేతిలో పెట్టాడు.

పరమేశ్వర్ ముఖం పాలిపోయింది. అరవలేదు. "కమిటీ మాట కాదన్నవ్ వదినె. ఇగ నీ ఇంటికి నిప్పు బంద్, నీళ్లు బంద్. మాట్లాడినోళ్లకు దండుగ వేస్తం. నరేందర్, నీ ఆటో ఊర్లకెళ్ళి ఎట్ల నడుస్తదో చూస్త. మేడం, మీ సంగతి పైన మాట్లాడుకుంటం."

"మాట్లాడుకోండి," అంది బిందుమాధవి. "నా పేరు, నేను చెప్పిన మాట, రెండూ సరిగ్గా చెప్పండి వాళ్లకు."

"ఆ బత్తాయిలు కూడా తీసుకుపోండి," అని వెనక నుంచి అరిచింది నాగేంద్రమ్మ. "ఈ వార్డులో సగం మందికి షుగరే."

అతను పోయాక గంగుబాయికి ఒంట్లో సత్తువంతా ఒక్కసారి దిగిపోయింది. దిండు మీదికి వాలింది. నరేందర్ మంచం కోడు పట్టుకొని నేల మీద కూర్చున్నాడు. "బాపుకు నిజంగ సీమలు కనబడ్డయా అవ్వా?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

"కనబడ్డయి బిడ్డా. నన్ను తియ్యమన్నడు. నేను నమ్మలే."

"నేను నిన్ను నమ్మలే," అన్నాడు నరేందర్.

తల్లి అతని తల మీద చేయి వేసింది. ఆ చేయి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా నరేందర్ ఫోన్ మోగింది. సవిత. "అత్తమ్మకియ్యి," అంది ముందే.

"ఏమైందే? పోరడు ఏడుస్తున్నడా?"

"పోరడు మంచిగున్నడు అత్తమ్మా." అటువైపు గాలి, మనుషుల గొంతులు. సవిత మాట ఆగి ఆగి వస్తోంది. "నీకు ఒకటి చెప్పాలె. తిట్టకు. కాన్పు అయినంక నడుము నొస్తున్నదని పక్కింటోళ్లు ఇచ్చిండ్రు. నువ్వు బీడీల కార్ఖానకు పోయినప్పుడు తాగిన. రోజు తాగిన. డిపో మూసిండ్రు, దాచుకున్న సీసలు గుడ అయిపోయినయి. నిన్నటి సంది నా సేతులు... పోరన్ని ఎత్తుకుంటె జారిపోతున్నడత్తమ్మా."

ఒకే కప్పు కింద పండుకున్నారు. ఒకే పొయ్యి మీద వండుకున్నారు. ఎవరి సీసా వాళ్లు దాచుకున్నారు.

"నిన్ను ఎందుకు తిడతనే పిచ్చిదానా! పోరన్ని కింద పండవెట్టు. నువ్వు ఎత్తుకోకు."

"ఇంట్ల లేను. బయలెల్లిన. నువ్వు మాట్లాడినంక ఆడోళ్లంత మన ఇంటికొచ్చిండ్రు. మాట్లాడితె దండుగ అని మైకుల చెప్తున్నా వచ్చిండ్రు. హన్మవ్వ పోరన్ని ఎత్తుకున్నది. అందరం దవాఖానకు నడుస్తున్నం. కాలువ బ్రిడ్జి కాడ పరమేశ్వర్ కాక ట్రాక్టర్ అడ్డం పెట్టిండు. ఎవరూ ఊరు దాటొద్దంటుండు. నాకు కండ్లు తిరుగుతున్నయి..."

ఫోన్ కట్టయింది.

సంగతి విని బిందుమాధవి అంబులెన్సుకు ఫోన్ చేస్తే బండి వర్ని ఊరి అవతల కాన్పు కేసుకు పోయిందని, రావడానికి ఆలస్యమవుతుందని చెప్పారు. ఆమె డ్యూటీ ఇంకో డాక్టరుకు అప్పగించి, ఇంజెక్షన్ల సంచి భుజాన వేసుకుంది. గంగుబాయి అప్పటికే మంచం దిగి నిలబడి ఉంది.

"మీరెక్కడికి? పడుకోండి."

"మాత్ర ఏస్కున్న గద. అది నా కోడలు డాక్టరమ్మా. కావలిస్తె తొవ్వల నా సెయ్యి పట్టుకోండ్రి."

ఆపితే ఆగే మనిషి కాదని బిందుమాధవికి తెలిసిపోయింది. నిజంగానే చేయి పట్టుకుంది.

నరేందర్ ఆటోను ఎన్నడూ అంత వేగంగా నడపలేదు. చెరుకు తోటలు, పచ్చటి వరి మళ్లు వెనక్కి పరిగెత్తాయి. మలుపు తిరగగానే బ్రిడ్జి కనబడింది. దాని మీద అడ్డంగా పరమేశ్వర్ ట్రాక్టరూ ట్రాలీ నిలబడి ఉన్నాయి. అటు పక్క ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. ముందు వరుసలో సవిత, బ్రిడ్జి ఇనుప కమ్మీ పట్టుకొని. ఆటో హారన్ విని ఆమె తల ఎత్తింది. అత్తను చూసి ఏదో అనబోయింది.

అనలేకపోయింది. మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. కమ్మీ మీది చేయి విడిపోయి, సవిత నిలబడ్డ చోటనే కుప్పకూలింది.

"అవ్వా!" అని నరేందర్ కేక వేసేలోపే గంగుబాయి ఆటో దిగి, వంగి, ట్రాలీ కింద నుంచి పాక్కుంటూ అవతలికి పోయింది. మోకాళ్లు గీరుకుపోయాయి. కొంగు చక్రానికి తట్టుకుని చిరిగింది. సవిత కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ వస్తోంది. ఆడవాళ్లు భయంతో వెనక్కి జరిగారు.

"పక్కకు తిప్పండి! గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు!" అని ట్రాలీ అవతలి నుంచి అరుస్తూనే డాక్టరమ్మ సంచి కిందికి తోసి, తనూ వంగింది.

గంగుబాయి కోడల్ని పక్కకు తిప్పింది. తన చిరిగిన కొంగు ఉండచుట్టి ఆమె తల కింద పెట్టింది. "నేనొచ్చిన బిడ్డా, నేనొచ్చిన," అంటోంది.

"ఇనుము! సేతిల ఇనుము పెట్టుండ్రి!" అని ఎవరో అరిచారు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని ఊళ్లో తాతల నాటి నమ్మకం.

గుంపులోంచి పరమేశ్వర్ తోసుకుంటూ వచ్చాడు. అతని ముఖంలో కోపం లేదు, బెదురు ఉంది. సవిత పెళ్లిలో అక్షింతలు వేసిన మనిషే. జేబులోంచి ట్రాక్టర్ తాళంచెవి తీసి, ఆ పిల్ల అరచేతిలో పెట్టబోయాడు.

గంగుబాయి అతని మణికట్టు పట్టుకుంది.

"గా తాళంచెవి దాని సేతిల కాదు పరమేశ్వర్. పోయి ట్రాక్టర్‌ల పెట్టు."

బ్రిడ్జి మీద ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అతని వైపు తిరిగారు.